దున్నదూడల మేత: కిలో ధర కాదు, ఎండు లెక్క చూడాలి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల మాంసానికి పెంచేది ఎక్కువగా దున్నలనే. 1977 నాటి రాష్ట్ర చట్టం ఆవుల్ని, ఆవుదూడల్ని, గేదెదూడల్ని కోయకూడదంటుంది. ఎదిగిన దున్నకైనా అధికారి ధ్రువపత్రం ఉండాలి. అంటే పాలు మరచిన దూడను ఏడాదిన్నర, రెండేళ్లు మేపాకే రైతు చేతికి డబ్బొస్తుంది. పాడిగేదెకైతే రోజూ వచ్చే పాల డబ్బులో దాణా ఖర్చు కలిసిపోతుంది. దున్నకు ఆ వెసులుబాటు లేదు. అందుకే దీనికి పెట్టే మేత చవకగా ఉండాలని అందరూ అంటారు. చవక అన్నది దేన్నిబట్టి అన్న దగ్గరే లెక్క తప్పుతోంది.

మేతను కిలో ధర చూసి కొంటే మోసపోతాం. ఎందుకంటే మనం కొనే కిలోలో నీళ్లెంత, ఊకెంత, పశువుకు పట్టేదెంత అన్నది ధరలో కనపడదు. మేతలోంచి నీళ్లన్నీ తీసేస్తే మిగిలేది ఎండు పదార్థం. ఆ ఎండులో మాంసకృత్తులెన్ని, జీర్ణమయ్యే భాగమెంత అని చూస్తేనే ఒక మేతను ఇంకోదానితో పోల్చగలం.

లెక్క కోసం కొన్ని ధరలు అనుకుందాం, మీ ఊళ్లో ధర వేరైతే అదే వేసుకోండి. పత్తిచెక్క కిలో 35 రూపాయలు, మాంసకృత్తులు 22 శాతం. 35ను 0.22తో భాగిస్తే కిలో మాంసకృత్తులు 159 రూపాయలకు పడ్డట్టు. వేరుశనగ చెక్క కిలో 45, మాంసకృత్తులు 42 శాతం. అక్కడ 107 పడుతుంది. తడి బీరు పిప్పి కిలో 8 రూపాయలే. కానీ అందులో ఎండు 22 శాతం, ఆ ఎండులో మాంసకృత్తులు పావు వంతు, అంటే కిలో పిప్పికి 55 గ్రాములు. లెక్కేస్తే 145 రూపాయలు. పైగా రెండు, మూడు రోజుల్లో పులిసి పాడయ్యే సరుకు, రవాణా అదనం. అన్నిట్లోకీ ఖరీదుగా కనిపించిన వేరుశనగ చెక్కే ఇక్కడ చవక తేలింది. దానికున్న బూజు బెడద సంగతి కింద చెబుతాను.

ఇదే లెక్కను నీటి గుంటల్లో పెంచే చిన్న మొక్క అజొల్లాకు వేసి చూడండి. రోజుకు రెండు కిలోల పచ్చి అజొల్లా పెడితే దాణా ఖర్చు సగానికి తగ్గుతుందని ఊరూరా ప్రచారం ఉంది. అజొల్లాలో ఎండు పదార్థం 5, 6 శాతానికి మించదు. రెండు కిలోల్లో 100 నుంచి 120 గ్రాములు, అందులో మాంసకృత్తులు 25 గ్రాముల దాకా. అంత మాంసకృత్తుల కోసం 115 గ్రాముల పత్తిచెక్క చాలు, అంటే ఒక గుప్పెడు. గుంట తవ్వి, పట్టా పరిచి, పేడా సూపర్‌ఫాస్ఫేటూ కలిపి, రోజూ దేవి కడిగే కూలి ఆ గుప్పెడు చెక్కకన్నా తక్కువైతే అజొల్లా పెంచుకోవచ్చు. పెరటి కోళ్లకైతే సరే. పది దున్నల కొట్టానికి అది ఆధారం కాదు.

ట్రేలలో మొలకెత్తించే మొక్కజొన్న గడ్డిదీ అదే తీరు. కిలో గింజలో 900 గ్రాముల ఎండు ఉంటుంది. వారం తరవాత ఆరు కిలోల పచ్చగడ్డి వచ్చిందని సంబరపడతాం కానీ దాంట్లో ఎండు 13 శాతం, అంటే 780 గ్రాములు. మొలక తన పెరుగుదలకు గింజలోని పిండినే ఖర్చు పెట్టుకుంది, మిగతా బరువంతా మనం పోసిన నీళ్లు. కొల్లిపర, దుగ్గిరాల వైపు ఉచితంగా దొరికే అరటి బోదెలో నూటికి 92 నుంచి 95 పాళ్లు నీళ్లే. తోట పక్కనే కొట్టం ఉంటే నరికి వేయండి, ట్రాక్టరు కట్టి తేవడం దండగ.

వరిగడ్డిని బాగుచేయడం

డెల్టాలో నిజంగా చవకైనది వరిగడ్డి. కోత యంత్రం వెళ్లాక పొలంలో పరుచుకున్న గడ్డిని చాలామంది తగలబెట్టేస్తున్నారు. బేలరు వాళ్లు కట్టలు కట్టి అమ్ముతున్నారు. నవంబరు చివరి నుంచి జనవరి దాకా ధర దిగి ఉంటుంది, ఎండలు ముదిరే కొద్దీ పెరుగుతుంది.

ఇబ్బంది గడ్డి గుణంలో ఉంది. మాంసకృత్తులు 3, 4 శాతమే. నెమరు సంచిలోని సూక్ష్మజీవులు పనిచేయాలంటే కనీసం 7 శాతం కావాలి. ఇసుకలో ఉండే సిలికా వరిగడ్డిలో 12 శాతం దాకానో, ఇంకా పైకో ఉంటుంది. పైగా ఆ గడ్డిలోని ఆక్సలేట్లు అనే లవణాలు మేతలోని కాల్షియాన్ని పట్టేసి పేడలో పోగొడతాయి. ఒట్టి వరిగడ్డి మీద ఉంచిన దూడ కడుపు నిండినట్టే కనిపిస్తుంది, బరువు మాత్రం పెరగదు. పొట్ట జారి, వెన్ను తేలిన దూడలన్నీ అలా తయారైనవే.

దీనికి యూరియాతో మాగబెట్టడం పాత మందే, సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. కొలత ఇది: 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు. కనీసం 500 కిలోల గడ్డితో వామి వేయాలి, అంతకు తగ్గితే లోపల వేడి, ఒత్తిడి చాలవు. 500 కిలోలకు 20 కిలోల యూరియా, 250 నుంచి 300 లీటర్ల నీళ్లు పడతాయి.

సిమెంటు నేల మీదో, టార్పాలిన్ పరిచో 50 కిలోల గడ్డిని జానెడు మందాన పరవాలి. యూరియా పూర్తిగా కరిగాక, పూలమొక్కలకు నీళ్లు పోసే చిల్లుల క్యానుతో ఆ పొరకు సరిపడా 25 నుంచి 30 లీటర్లు సమంగా చల్లాలి. బకెట్టుతో గుమ్మరిస్తే ఒకచోట మడుగు, ఒకచోట పొడి. మనుషులు ఎక్కి గట్టిగా తొక్కాలి. మళ్లీ పొర, మళ్లీ చల్లడం, మళ్లీ తొక్కడం. చివర మందపాటి పట్టా కప్పి, అంచుల చుట్టూ మట్టి వేసి గాలి పోకుండా మూయాలి. 21 రోజులు కదపకూడదు.

లోపల జరిగేది ఇది. గడ్డిలోనే ఉన్న సూక్ష్మజీవుల ఎంజైము తడి తగలగానే యూరియాను విరిచి అమోనియా చేస్తుంది. ఆ అమోనియా గడ్డిలోని పీచును బిగించి ఉంచిన లిగ్నిన్ పట్టును వదులు చేస్తుంది. కొంత నత్రజని గడ్డికే అంటుకుని ఉండిపోతుంది. దాన్ని పశువు కడుపులోని సూక్ష్మజీవులు మాంసకృత్తులుగా మార్చుకుంటాయి. మాంసకృత్తుల లెక్క 7, 8 శాతానికి చేరుతుంది, గడ్డి మెత్తబడుతుంది, పశువు తినే మోతాదూ పెరుగుతుంది.

పట్టా ఎత్తినప్పుడు గడ్డి ముదురు పసుపు రంగులో ఉండి, కళ్లు మండేంత అమోనియా ఘాటు కొట్టాలి. ఘాటు లేకపోతే గాలి పోయిందన్నమాట. తెల్లగా, నల్లగా బూజు మచ్చలుంటే నీళ్లెక్కువయ్యాయి, లేదా పట్టాకు చిల్లు పడింది. ఆ భాగాన్ని పేడ దిబ్బలో వేయాలి తప్ప గాడిలో వేయకూడదు. నీళ్లు తక్కువైతే ఇంకా ప్రమాదం, యూరియా విరగకుండా పలుకులుగా మిగిలిపోయి పశువుకు విషమవుతుంది. నీళ్లు పొదుపు చేద్దామనుకోవడం ఇక్కడ పనికిరాదు.

వామి ఒక పక్క నుంచే తెరిచి, ఆ రోజుకు కావలసినంత తీసి గంటసేపు ఆరబెట్టి పెట్టాలి. మొదటి వారం మామూలు గడ్డిలో కలుపుతూ అలవాటు చేయాలి. ఆరు నెలలు నిండని దూడలకు ఇది పెట్టకూడదు, వాటి నెమరు సంచి ఇంకా సిద్ధంగా ఉండదు. మాగిన గడ్డి పెడుతూ దాణాలో మళ్లీ యూరియా కలపడమూ తప్పే.

చావులు ఎక్కువగా మాగిన గడ్డి వల్ల కాదు, కలిపిన యూరియా నీళ్ల డ్రమ్మును కొట్టంలో వదిలేయడం వల్ల జరుగుతాయి. దాహంతో ఉన్న దున్న నాలుగు గుక్కలు తాగినా చాలు. అరగంట, గంటలో చొంగ కారడం, కండరాలు అదరడం, ఉబ్బరం, ఎగశ్వాస కనిపిస్తాయి. డాక్టరు వచ్చేలోపు 200 కిలోల పశువుకు ఒకటి, రెండు లీటర్ల వెనిగరు, దానికి రెట్టింపు పైగా చల్లటి నీళ్లు కలిపి నెమ్మదిగా తాగించాలి. పులుపు, చల్లదనం రెండూ అమోనియా రక్తంలోకి పోయే వేగాన్ని తగ్గిస్తాయి.

యూరియా మాట అటుంచి, తడిసి బూజు పట్టిన గడ్డి గేదె జాతికి ప్రత్యేకంగా చెడ్డది. తోక కొస, చెవి అంచులు నల్లబడి ఎండిపోవడం, గిట్టల పైన వాచి పుండ్లు పడటం మొదలైతే దేగ్నాలా జబ్బని అనుమానించాలి. గడ్డి మీద పెరిగే ఫ్యుజేరియం బూజు విషమే ఇందుకు కారణమంటారు. తుపాను వానకు తడిసిన కట్టలు పైకి పొడిగా ఉన్నా మధ్యలో బూజు ఉంటుంది. కొనేటప్పుడు ఒక కట్ట విప్పించి చూడాలి.

మిల్లుల దగ్గర దొరికేవి

తెనాలి పప్పుమిల్లుల నుంచి వచ్చే మినప చున్నీ ఈ ప్రాంతానికి ఉన్న వరం. పొట్టు, నూక, పిండి కలిసి ఉంటుంది, మాంసకృత్తులు 18 శాతం అటూ ఇటూ. పశువు ఇష్టంగా తింటుంది. కంది చున్నీ కొంచెం తక్కువరకం. మినుము నూర్చాక కల్లంలో మిగిలే కట్టె, పొట్టు వేరే సంగతి. అది గడ్డికి బదులుగా పనికొస్తుంది, దాణాకు బదులుగా కాదు. అయినా వరిగడ్డి కన్నా ఎంతో మేలు.

పత్తిచెక్కలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. ఎదిగిన నెమరు పశువు దాన్ని కడుపులోనే అరికట్టగలదు, నాలుగు నెలల లోపు దూడ తట్టుకోలేదు. వేరుశనగ చెక్కకు బూజు వల్ల వచ్చే అఫ్లటాక్సిన్ బెడద. ఉడకబెట్టినా ఆ విషం పోదు. బస్తాలను నేల మీద, గోడకు ఆనించి పెడితే వానాకాలంలో అడుగు బస్తాలు ముందు పాడవుతాయి. చెక్క బల్లల మీద, గోడకు అడుగు ఎడంగా పేర్చి, నెలకు సరిపడానే కొనాలి. నూకలు, మొక్కజొన్నతో ఇథనాలు తీసే మిల్లుల నుంచి డీడీజీఎస్ అనే పొడి వస్తోంది. బియ్యంది అయితే మాంసకృత్తులు 40 శాతం దాటతాయి, మొక్కజొన్నది 26 నుంచి 30. మంచి సరుకే. కానీ గింజలోని పిండి సారాయిగా పోయాక మిగిలింది మూడో వంతే కాబట్టి, గింజలో బూజు విషముంటే అది ఇందులో మూడింతలు చిక్కబడుతుంది. దాణాలో పది, పదిహేను శాతంతో ఆపాలి.

తవుడు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, దున్నల విషయంలో తప్పు జరిగేది ఇక్కడే. పచ్చి తవుడులో నూనె 15 శాతం దాకా ఉండి రోజుల్లోనే ముక్కిపోతుంది. నూనె తీసిన తవుడు నిలవ ఉంటుంది, మాంసకృత్తులు 15 శాతం, ధర తక్కువ. అందుకని కొందరు దాణాలో సగానికి పైగా అదే పోస్తారు. తవుడులో భాస్వరం శాతంన్నర దాకా ఉంటుంది, కాల్షియం పదో వంతు కూడా ఉండదు. పశువుకు కావలసింది దీనికి తలకిందులు, భాస్వరానికి రెట్టింపు కాల్షియం. ఎక్కువైన భాస్వరం మూత్రంలో రాళ్లుగా పేరుకుంటుంది. గేదెకైతే మూత్రనాళం పొట్టి, వెడల్పు, రాయి బయటికి పోతుంది. దున్నకు నాళం సన్నం, మధ్యలో ఎస్ ఆకారంలో వంపు, రాయి అక్కడ ఇరుక్కుంటుంది. చలికాలంలో నీళ్లు తక్కువ తాగినప్పుడు ఇది ఎక్కువ.

ముందు కనిపించే గుర్తు చిన్నది: మూత్రం వచ్చేచోట వెంట్రుకలకు ఇసుక రేణువుల్లా తెల్లటి పలుకులు అంటుకుని ఉంటాయి. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడతాయి. తరవాత తోక ఎత్తి ముక్కడం, కాలితో పొట్ట తన్నుకోవడం, చుక్కలు చుక్కలుగా పోయడం. ఆ దశలో గంటలు లెక్కే, ఆపరేషను తప్ప దారి ఉండదు. తవుడును దాణాలో 30 శాతం దాటనీయకుండా, సున్నపురాయి పొడి, ఉప్పు కలిపి, రోజంతా నీళ్లు అందుబాటులో ఉంచితే ఇది చాలావరకు రాదు. ఉప్పు దాహం పెంచి మూత్రాన్ని పలచన చేస్తుంది.

కల్తీ పట్టుకోవడానికి ల్యాబుకు వెళ్లే ముందు ఇంట్లో రెండు పరీక్షలున్నాయి. గ్లాసు నీళ్లలో చెంచా తవుడు వేసి కలిపితే ఊక పైకి తేలుతుంది, ఇసుక అడుగున గరగరమంటూ దిగుతుంది. చిటికెడు తవుడు మీద నిమ్మరసం పిండితే బుసబుసా నురగొస్తే బరువు కోసం రాతిపొడి కలిపారన్నమాట. మాంసకృత్తుల అంకె పెంచడానికి చెక్కలో యూరియా కలిపే మోసం మాత్రం ల్యాబులోనే తేలుతుంది. మాంసకృత్తుల శాతంతో పాటు యూరియా కూడా చూడమని అడగాలి.

పచ్చిమేత పేరుతో దొరికేవి

నందిగామ, జగ్గయ్యపేట వైపు పేపరు మిల్లుల కోసం వేసిన సుబాబుల్ కొట్టినప్పుడు కొమ్మలు, ఆకు చేలోనే ఉండిపోతాయి. ఎండులెక్కన ఆకులో మాంసకృత్తులు 20 శాతం పైనే. దీనిలోని మిమోసిన్ అనే విషపదార్థం ఎక్కువైతే తోక కుచ్చు రాలిపోతుంది, చొంగ కారుతుంది, గొంతు దగ్గర థైరాయిడ్ వాస్తుంది. మొత్తం ఎండుమేతలో మూడో వంతు దాటకుండా, కొద్దికొద్దిగా పెంచుతూ పోతే కడుపులోని ఒక బాక్టీరియా ఆ విషాన్ని విరగ్గొట్టుకుంటుంది. 1980ల్లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్ హవాయి మేకల్లో ఆ శక్తిని గమనించి తన దేశపు పశువులకు ఆ సూక్ష్మజీవుల్ని ఎక్కించాడు. ఆయన పేరు మీదే దాన్ని సినర్జిస్టిస్ జోన్సీ అంటున్నారు.

మాగాణిలో పిల్లిపెసర, జనుము చల్లే అలవాటు తగ్గిపోయింది. వరి కోతకు ముందు తడి మీద చల్లితే వేరే దుక్కి లేకుండా పచ్చిమేత వచ్చేది. దున్నలున్నవాళ్లు ఒక మడైనా వేసుకోవడం మంచిది. మాగాణి జొన్న చొప్ప వరిగడ్డి కన్నా బలమైన మేత, అయితే కోసిన మోడు నుంచి వచ్చే లేత పిలకల్లో సైనైడు ఉంటుంది, దాన్నే నాము అంటాం. పూత సగం దాటేదాకా పశువుల్ని ఆ చేలోకి వదలకూడదు. నాము తిన్న పశువు నిమిషాల్లో పడిపోతుంది, నరానికి ఎక్కించే మందు తప్ప ఇంటి వైద్యం లేదు.

మొక్కజొన్న బెండ్లు ఊరికే వస్తాయి. హామర్ మిల్లులో పొడి చేస్తేనే పశువు తింటుంది, మాంసకృత్తులు 3 శాతం లోపే కాబట్టి అది గడ్డి లెక్కలోకే వస్తుంది. నున్న మార్కెట్లో పారేసిన మామిడికాయలు ఒక్కసారిగా గంపెడు పెడితే కడుపు పులిసి పశువు పడకేస్తుంది. మిర్చి కల్లాల చెత్త, మందు కొట్టిన పత్తి ఆకు జోలికి వెళ్లనే వద్దు.

200 కిలోల దూడకు ఒక రోజు

రోజుకు అరకిలో బరువు పెరగాలంటే 200 కిలోల దున్నదూడకు ఎండులెక్కన 5 కిలోల మేత, 550 నుంచి 600 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 100 కిలోల దాణా ఇలా కలపవచ్చు: పత్తిచెక్క 34 కిలోలు, మినప చున్నీ 34, నూనె తీసిన తవుడు 28, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1, సున్నపురాయి పొడి 1. దీంట్లో మాంసకృత్తులు దాదాపు 18 శాతం.

ఈ దాణా కిలోన్నరను రెండు పూటలుగా పెడితే 265 గ్రాములు. మాగిన గడ్డి, తడితో సహా 6 కిలోలు, అంటే 4 కిలోల ఎండుగడ్డికి సమానం, దాన్నుంచి 270. కిలో పచ్చి సుబాబుల్ ఆకు నుంచి ఇంకో 60. మొత్తం 595. మాగబెట్టని గడ్డి అయితే 270 ఉన్నచోట 125 వస్తుంది. ఆ లోటు పూడ్చడానికి ఇంకో 800 గ్రాముల దాణా పెట్టాలి. నాలుగు కిలోల గడ్డిలో వాడిన యూరియా 160 గ్రాములు, అది మిగిల్చేది రోజుకు 800 గ్రాముల దాణా.

దాణా ఎప్పుడు మార్చినా పది రోజులు పట్టాలి, పాతది తగ్గిస్తూ కొత్తది పెంచాలి. ముందు నట్టల మందు పోయకపోతే పై లెక్కంతా పురుగుల పాలే. మే నెల ఎండల్లో మధ్యాహ్నం గాడి ముందు దున్న నిలబడదు. అప్పుడు సగం పైగా మేత రాత్రి చల్లబడ్డాక వేయాలి, మడుగో, నీళ్లు చల్లే ఏర్పాటో ఉండాలి.

పని జరుగుతోందా లేదా అన్నది టేపు చెబుతుంది. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ఎముక నుంచి పిర్ర ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో కొలవాలి. చుట్టుకొలతను దానితోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. 55 అంగుళాల చుట్టు, 48 అంగుళాల పొడవుంటే 220 కిలోలు. నెలకోసారి, పొద్దున్నే మేతకు ముందు, ఒకే మనిషి కొలవాలి.

నెల ఖర్చును నెలలో పెరిగిన కిలోలతో భాగించండి. రోజుకు 45 రూపాయల మేతతో 200 గ్రాములు పెరిగే దూడకు కిలో బరువు 225 రూపాయలకు పడుతుంది, 70 రూపాయల మేతతో అరకిలో పెరిగేదానికి 140కే పడుతుంది. నెలకు 9 కిలోల కన్నా తక్కువ పెరుగుతుంటే దాణా పెంచే ముందు గాడిలో మిగిలిన గడ్డిని తూచండి. రోజూ కిలోకు పైగా మిగులుతుంటే గడ్డి మాగలేదు లేదా నీళ్లు చాలడం లేదు. గాడి నాకినట్టు ఖాళీగా ఉండి కూడా పెరగకపోతే పేడ నమూనా పశువుల ఆసుపత్రిలో ఇచ్చి నట్టల పరీక్ష చేయించండి. అదీ బాగుంటే అప్పుడు దాణా పావుకిలో పెంచి, ఇంకో నెల చూడండి.